లంకెబిందెలు

'లింకు' అన్న ఇంగ్లీషు మాటకు 'లంకె' అని తెలుగు చేసిన మహానుభావులెవరో గాని, ఎంత దూరం ఆలోచించి ఆ మాటను ఎన్నుకున్నారా అని నాకు అప్పుడప్పుడూ ఆశ్చర్యం కలుగుతూ ఉంటుంది. ధ్వని కలిసింది, అర్థం కలిసింది. ఆ రెంటినీ మించి, ఆ మాట వెంట లంకెబిందెలు కూడా వచ్చాయి. మన ఊళ్ళలో లంకెబిందెల కథ వినని పిల్లలుండరు. ఎవరో పూర్వీకులు రెండు బిందెల నిండా వరహాలు పోసి, వాటి మెడలకు గొలుసు తగిలించి, ఏ పాత గోడ కిందనో పాతిపెడతారు. వాటి కోసం అమావాస్య రాత్రుళ్ళు తవ్వేవాళ్ళు తవ్వుతూనే ఉంటారు. కష్టపడి సంపాదించినవాడికి కాక, జాడ కనిపెట్టినవాడికి దక్కే సొమ్ము అది.

అంతర్జాలంలో లంకెల కోసం జరిగే తవ్వకాలు చూస్తే నాకు ఆ బిందెలే గుర్తుకొస్తాయి. బయటి సైట్ల నుంచి ఎన్ని లంకెలుంటే ఒక సైటు శోధన ఫలితాలలో అంత పైకి వస్తుందని ఒక నమ్మకం. అది పూర్తిగా అబద్ధమూ కాదు. కాకపోబట్టే దాని చుట్టూ ఇంత పెద్ద బజారు లేచింది. ఆ బజారు గుమ్మం దాకా వెళ్ళి, లోపలికి తొంగిచూసి, ఏమీ కొనకుండా తిరిగివచ్చిన ఒక పెద్దాయన గురించీ, ఆయన సైటు గురించీ ఈ టపా.

ఆయన నాకు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మాస్టారు. మాది విజయనగరం జిల్లా. ఉద్యోగ విరమణ చేశాక ఊరికే కూర్చోలేక ఆయన పాత కొలతల మీద పడ్డారు. 1956 నాటి చట్టంతో మెట్రిక్ పద్ధతి వచ్చిన తరువాత మెల్లమెల్లగా అటకెక్కిన మాటలవి. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. ఇంతవరకు మనలో చాలామంది చిన్నప్పుడు ఇంట్లో వల్లించినదే. మాస్టారి ఆసక్తి ఇది ముగిసిన చోట మొదలవుతుంది. వరస ఒకటే అయినా ఒక ఊరి కుంచం మరో ఊరి కుంచంతో సరిపోదు. ఎంత సరిపోదు? అది తేల్చడానికి ఆయన ఊళ్ళు తిరిగి, అటకల మీది ఇత్తడి తవ్వలనూ ఇనప కుంచాలనూ దింపించి, వాటిలో నీళ్ళు పోసి, ఆ నీళ్ళను బడి ప్రయోగశాలలో వాడే గాజు కొలపాత్రలో కొలిచి, ఊరి పేరుతో సహా నోటుపుస్తకంలో రాసుకున్నారు. 2008లో ఆ పుస్తకాలన్నీ యూనికోడులోకి ఎక్కించి, ఉచిత స్థలంలో ఒక సైటు పెట్టుకున్నారు. టైపు చేయడం నేర్చుకునేనాటికి ఆయన వయసు అరవై నాలుగు.

ఆ సైటులో ఒక పేజీ ఉంది. 'కుంచం అంటే ఎన్ని కిలోలు?' అన్న ప్రశ్నకు జవాబుగా రాసినది. జవాబు కూడా ఒక ప్రశ్నే: ఏ ఊరి కుంచం, ఏ గింజ? కుంచం తూకం కాదు, పరిమాణం. అదే కుంచంతో వడ్లు కొలిస్తే ఒక తూకం, బియ్యం కొలిస్తే మరొకటి, నువ్వులు కొలిస్తే ఇంకొకటి. తలకొట్టి కొలిచారా, గోపురంగా పోసి కొలిచారా అన్న తేడా దాని మీద. ఇవన్నీ గళ్ళు గీసి, ఊరివారీగా, గింజవారీగా పట్టికలు పెట్టారాయన.

2013 ప్రాంతంలో ఆ పట్టిక మరో సైటులో తేలింది. చుట్టూ ప్రకటనలు మెరుస్తున్న సైటు అది. రాశిఫలాలు, పరీక్షా ఫలితాలు, వంటింటి చిట్కాల మధ్య మాస్టారి కొలతలు. ఊరి పేర్లున్న నిలువు వరుసను తీసేశారు. గింజల వరుసనూ తీసేశారు. కుంచానికి ఎదురుగా కిలోలలో ఒకే ఒక అంకె నిలబడింది. అడుగున 'సేకరణ' అని ఒక్క మాట. గూగుల్లో కుంచం అని వెతికితే మొదట వచ్చేది ఆ పేజీ. మాస్టారి పేజీ కోసం నాలుగో తెర దాకా దిగాలి.

నాకు ఒళ్ళు మండింది. కాపీహక్కు ఫిర్యాదు పెడదామన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"ఊరివాళ్ళ కుంచాలు, ఊరివాళ్ళ మాటలు. నావని ఎలా అనను బాబూ? వాళ్ళు పట్టుకెళ్ళినందుకు నాకు బాధ లేదు. ఊరు పేరు కొట్టేశారు చూడు, దానికి బాధ. ఊరు లేకపోతే ఆ అంకెకు అర్థమేముంది?"

"మరి జనం చూసేది ఆ అంకెనే కదా మాస్టారూ."

"అదే నేనూ అడుగుతున్నాను. తప్పు లెక్క మొదటి ర్యాంకులో ఎలా పాసయిందో చెప్పు."

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాకు ఒక పూట పట్టింది. ఇప్పుడు మీకూ చెబుతాను. చాలామందికి తెలిసిన సంగతులే అయినా, వరసగా పేర్చి చూస్తే కథ మరోలా కనిపిస్తుంది.

లంకెను సాక్ష్యంగా లెక్కించడం కంప్యూటర్లతో పుట్టిన ఆలోచన కాదు. 1873లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఫ్రాంక్ షెపర్డ్ అనే ఆయన, ఒక కోర్టు తీర్పును తరువాతి తీర్పులు ఎక్కడెక్కడ ఉదహరించాయో జాబితాలు కట్టి, జిగురు రాసిన చీటీల మీద అచ్చువేసి వకీళ్ళకు అమ్మడం మొదలుపెట్టాడు. వాటిని తమ పుస్తకాలలో అంటించుకుంటే చాలు, ఏ తీర్పు ఇంకా చెల్లుతుందో తెలిసిపోయేది. యూజీన్ గార్ఫీల్డ్ ఆ పద్ధతిని చూసి, శాస్త్ర పరిశోధన వ్యాసాలకూ అలాంటి సూచిక ఉండాలని 1955లో 'సైన్స్' పత్రికలో రాశాడు. 1964 నాటికి దాన్ని నిజంగానే తెచ్చాడు. ఒక వ్యాసాన్ని ఎందరు ఉదహరించారన్నది ఆ వ్యాసానికి విలువ కట్టే కొలత అయింది.

1998లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ దీన్నే వెబ్ మీదికి తెచ్చారు. అయితే ఒక మెలిక పెట్టారు. లంకెలను లెక్కపెట్టడం కాదు, ఎవరిచ్చారో చూడాలి. ఇచ్చినవాడి విలువ ఎంత? అది అతడికి ఎవరిచ్చారన్న దాన్ని బట్టి. వాళ్ళ విలువ? మళ్ళీ అదే ప్రశ్న. ఇది గుండ్రంగా తిరిగే వాదనలా కనిపిస్తుంది గాని, లెక్కలో తేలుతుంది. దానికి పేజ్‌ర్యాంక్ అని పేరు. వెబ్ పేజీ పేరా, లారీ పేజ్ ఇంటిపేరా అంటే రెండూ.

ఇది చెబుతుంటే మాస్టారు కాగితం, పెన్సిలు తీసుకున్నారు. నేను మూడు ఊళ్ళు చెప్పాను. తూర్పూరు నుంచి రెండు దారులు: ఒకటి నడిమూరికి, ఒకటి పడమటూరికి. నడిమూరి నుంచి ఒకటే దారి, పడమటూరికి. పడమటూరి నుంచి ఒకటే దారి, తూర్పూరికి. ఈ ఊళ్ళలో వందమంది దేశదిమ్మరులు రోజుకొక ఊరు చొప్పున తిరుగుతున్నారు. రెండు దారులున్న చోట సగం సగంగా విడిపోతారు. చాలా రోజులు గడిచాక ఏ ఊళ్ళో ఎంతమంది తేలతారు? ఆయన అయిదు నిమిషాలలో తేల్చారు. తూర్పూరిలో 40, నడిమూరిలో 20, పడమటూరిలో 40. (మీరూ సరిచూసుకోండి. తూర్పూరి 40 మందిలో 20 నడిమూరికి, 20 పడమటూరికి. నడిమూరి 20 పడమటూరికి. పడమటూరి 40 తూర్పూరికి. మర్నాడు మళ్ళీ అవే అంకెలు.)

"చూశావా," అన్నారు మాస్టారు. "తూర్పూరికీ వచ్చే దారి ఒకటే. నడిమూరికీ వచ్చే దారి ఒకటే. కాని దీనికి నలభై, దానికి ఇరవై." నాణ్యమైన లంకె అంటే ఏమిటో వ్యాపార భాషలో పేజీలకు పేజీలు చదివాను గాని, ఇంత పొట్టిగా చెప్పినవాళ్ళను చూడలేదు. పడమటూరికి చాలామంది వస్తారు, అక్కడి నుంచి ఉన్నది ఒక్కటే దారి, అందుచేత వచ్చినవాళ్ళంతా తూర్పూరికే వెళతారు. తూర్పూరిది పంచిపెట్టే చెయ్యి కనుక నడిమూరికి సగమే దక్కింది. వంద పేజీలకు లంకెలిచ్చే పేజీ నుంచి వచ్చే లంకెలో నూరో వంతే ఉంటుంది.

అసలు లెక్కలో ఇంకో సంగతి ఉంది. దేశదిమ్మరులందరూ ఎప్పుడూ దారులే పట్టరు. నూటికి ఎనభై అయిదుగురు దారి వెంట వెళితే, పదిహేనుగురు విసిగిపోయి కళ్ళు మూసుకుని ఏదో ఒక ఊళ్ళో వాలతారు. ఈ పదిహేనుగురే లేకపోతే దారి లేని ఊళ్ళలో లెక్క ఇరుక్కుపోతుంది. కాని ఈ పదిహేనే తరువాత దొంగలకు దారి చూపింది. ఎవరూ రాని ఊరికి కూడా ఆ వాలేవాళ్ళలో పిసరంత వాటా దక్కుతుంది. అలాంటప్పుడు నేనే వెయ్యి దొంగ ఊళ్ళు సృష్టించి, ప్రతి ఊరి నుంచీ మా ఊరికే ఒక దారి వేస్తే? వెయ్యి పిసర్లు కలిసి పెద్ద ముద్దవుతుంది. లంకెల సాగు అనే వ్యాపారం ఈ బిచ్చం మీద మొలిచిందే.

దీన్ని వాళ్ళు ముందే ఊహించలేదా? ఊహించారు. పేజ్, బ్రిన్, వారితో రాజీవ్ మోత్వానీ, టెరీ వినోగ్రాడ్ కలిసి రాసిన తొలినాటి నివేదికలో ఈ ప్రస్తావన ఉంది. వ్యాపారులు లంకెలు కొనవచ్చు గాని, దానికి డబ్బు ఖర్చవుతుంది కనుక అది అదుపులోనే ఉంటుందని వారు అభిప్రాయపడ్డారు. డబ్బు ఖర్చవుతుంది కనుక! పాతికేళ్ళు దాటాక ఆ వాక్యం చదివితే నవ్వాలో జాలిపడాలో తెలియదు. ఎన్నికలలో ఓటుకు డబ్బు ఖర్చవుతుంది కనుక ఎవరూ కొనరని అనుకున్నట్టుంది. మన దగ్గర పుట్టినవాడెవడూ అలా రాసి ఉండడు.

ఇక్కడ కాస్త పక్కదారి పడతాను, మన్నించాలి. లంకెను సాక్ష్యంగా ఎంచడం మన కవులకు కొత్త కాదు. కావ్యం మొదలుపెట్టే ముందు అవతారికలో పూర్వకవి స్తుతి చేయడం మన సంప్రదాయం. ఎవరి భుజాల మీద నిలబడి రాస్తున్నాడో కవి పేరుపేరునా చెప్పుకుంటాడు. దాని పక్కనే కుకవి నింద కూడా ఉంటుంది. అంటే వీళ్ళను నా లెక్కలో కలపవద్దని. తెలుగులో ఈ ఆచారాలకు ఆద్యుడుగా చెప్పే కవి నన్నెచోడుడు. విధి వైచిత్రి ఏమిటంటే, అందరినీ పొగడడం నేర్పిన ఆయనను తరువాతి కవులు తమ అవతారికలలో తలచుకున్నట్టు దాదాపు కనిపించదు. మానవల్లి రామకృష్ణకవి తాళపత్ర ప్రతిని వెలికితీసి 1909లో 'కుమారసంభవం' అచ్చువేసే దాకా తెలుగు లోకానికి ఆ కావ్యం జాడ లేదు. బయటపడిన తరువాత కూడా, ఇంత గొప్ప కావ్యమైతే వెనకటివాళ్ళు ఎందుకు పేర్కొనలేదని అనుమానించినవాళ్ళున్నారు. కృత్రిమమన్నవాళ్ళూ ఉన్నారు. లంకె లేకపోతే ఉన్న కావ్యం కూడా లేనట్టే లెక్క. అదే నాకు భయం వేసే విషయం.

కుకవి నిందకు సాటి వచ్చేది కూడా వెబ్‌లో ఉంది. లంకెల కోసం వ్యాఖ్యలలో చెత్త నింపేవాళ్ళ పోరు పడలేక, 2005 జనవరిలో గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ ఏకమై 'నోఫాలో' అనే గుర్తును తెచ్చాయి. లంకె ఉంటుంది, నొక్కితే వెళుతుంది, కాని సాక్ష్యంగా చెల్లదు. 2007 జనవరి నుంచి వికీపీడియా బయటి లంకెలన్నిటికీ ఈ గుర్తు తగిలించింది. 2019లో గూగుల్ దాన్ని ఆజ్ఞగా కాక సూచనగా మాత్రమే తీసుకుంటానని మాట మార్చి, డబ్బు తీసుకుని ఇచ్చిన లంకెలకు వేరే గుర్తు, వ్యాఖ్యలలో వచ్చేవాటికి వేరే గుర్తు పెట్టింది. సాక్ష్యాలలో ఇన్ని కులాలు పుట్టడం చూస్తే బజారు ఎంత ముదిరిందో తెలుస్తుంది.

ఆ ముదురు ఎంతటిదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. అమెరికాలో జేసీ పెన్నీ అని పెద్ద దుకాణాల సంస్థ. 2010 చివరి పండుగల అమ్మకాలలో గూగుల్లో ఏ సరుకు పేరు కొట్టినా, దుస్తులైనా దుప్పట్లయినా తివాచీలైనా, ఆ సంస్థే మొదట వచ్చేది. పెట్టెబేడా తయారుచేసే కంపెనీ పేరుతో వెతికినా ఆ కంపెనీ కంటే ఈ దుకాణమే పైన ఉండేది. 'న్యూయార్క్ టైమ్స్' పత్రిక కూపీ లాగితే, ఏ సంబంధమూ లేని వేలాది పేజీల నుంచి ఆ సైటుకు లంకెలున్నాయి. ఆ లంకెలు తాము పెట్టించలేదని సంస్థ చెప్పుకుంది. గూగుల్ చేయి చేసుకుంది. పత్రిక లెక్కగట్టిన 59 పదాలలో 2011 ఫిబ్రవరి 1న సగటు స్థానం 1.3 ఉన్నది, ఫిబ్రవరి 10 నాటికి 52కు పడిపోయింది. ఆ మరుసటి సంవత్సరం, 2012 జనవరిలో, డబ్బిచ్చి రాయించిన రాతలలో చెల్లని లంకె దొర్లిందని గూగుల్ తన సొంత క్రోమ్ పేజీనే కిందికి తోసుకోవలసి వచ్చింది. (తన కొడుకునే శిక్షించిన రాజుల కథలు మనకు కొత్త కావు లెండి.) 2012 ఏప్రిల్ 24న పెంగ్విన్ అన్న ముద్దు పేరుతో కొత్త సూత్రం వచ్చి, కొన్న లంకెల మీద మేడలు కట్టుకున్న సైట్లను కుప్పకూల్చింది. అదే ఏడు అక్టోబరులో, 'ఈ లంకెలు నావి కావు బాబోయ్' అని వదిలించుకోవడానికి గూగుల్ ఒక పనిముట్టు కూడా ఇచ్చింది. నిన్నటిదాకా డబ్బు పోసి కొన్నవాటిని వదిలించుకోవడానికి మళ్ళీ డబ్బు పోశారు జనం. 2016లో పెంగ్విన్ పద్ధతి మారి, దొంగ లంకెలున్న సైటును శిక్షించడం కంటే ఆ లంకెలను లెక్కలోంచి తీసేయడమే ఎక్కువైంది.

మాస్టారికి ఒక ఉత్తరం వచ్చింది ఈ సంగతులన్నీ మాట్లాడుకున్న రోజుల్లోనే. ఒక సంస్థ వాళ్ళది, పేరు అనవసరం. అయిదు వందల లంకెలు, మూడు వేల రూపాయలు, నెల తిరిగేసరికి మొదటి పేజీ. ఆయన నాకు పంపి, "లంకెకు ఆరు రూపాయలు పడుతుంది, చవకే కదా" అని రాశారు. మాస్టారి వెటకారం నాకు బడి రోజుల నుంచీ తెలుసు. అయినా అనుమానం వచ్చి ఫోను చేశాను.

"కొంటారా ఏమిటి మాస్టారూ?"

"వాళ్ళ నమూనా పేజీ చూశాను. నా కుంచానికి లంకె ఇచ్చినది బట్టతల మందు అమ్మే పేజీ. వాడికి కుంచం సంగతి తెలుసా? తెలియనివాడు వచ్చి నా తరఫున సాక్ష్యం చెబితే, అడ్డు ప్రశ్న వేసేవాడికి నేనేం చెప్పను?"

ఇంతకు మించి నేను చెప్పగలిగింది లేదు. నాణ్యమైన లంకెకు కంపెనీలు రాసుకునే లక్షణాలు, అంటే సంబంధిత విషయం, పలుకుబడి గల సైటు, సహజమైన సందర్భం, అన్నీ ఆ మాటలో ఉన్నాయి.

అప్పుడు మేమిద్దరం పని మొదలుపెట్టాం. మొదట ఇంట్లో చక్కబెట్టుకోవలసినవి. మాస్టారి పేజీల చిరునామాలు మీకందరికీ తెలిసిన తీరులోనే ఉండేవి: తెలుగు శీర్షిక పెడితే ఉచిత స్థలం దాన్ని మింగేసి బ్లాగ్-పోస్ట్ అని, దాని పక్కన ఏదో అంకె వేసి ఊరుకునేది. పోనీ తెలుగులోనే చిరునామా ఉండే చోటికి మారదామా అంటే అదొక గండం. యూనికోడులో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు. చిరునామాలోకి వెళ్ళేసరికి ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలవుతుంది. 'తెలుగు' అన్న చిన్న మాటలో గుణింతాలతో కలిపి ఆరు గుర్తులు. అది చిరునామాలో యాభై నాలుగు అక్షరాలు! ఆ కొండచిలువను ఉత్తరంలో అతికిస్తే మధ్యలో తెగుతుంది, తెగకపోయినా చూసినవాడు వైరస్ అనుకుంటాడు. తెలుగులో లంకెలివ్వడం మనవాళ్ళకు అలవాటు కాకపోవడానికి ఇదీ ఒక కారణమని నా నమ్మకం. ప్రచురించే ముందు చిరునామాను ఇంగ్లీషు లిపిలో పొట్టిగా పెట్టుకునే వీలు తరువాత వచ్చింది గనుక 'కుంచం', 'తవ్వ', 'పుట్టి' అని ఒక్కొక్క మాటతో కొత్త పేజీలు చేశాం. నోటుపుస్తకాల ఫొటోలుగా ఉన్న పట్టికలను మళ్ళీ అక్షరాలుగా టైపు చేశాం. ఒకప్పుడు దినపత్రికల సైట్లు సొంత ఖతులలో రాసిన తెలుగు శోధన యంత్రాలకు పిచ్చిగీతల్లా కనిపించేది. ఫొటోలో ఉన్న తెలుగు వాటికి అంతకన్నా కనిపించేది కాదు.

ఆ తరువాత ఉత్తరాలు. కొలతల ప్రస్తావన ఉన్న తెలుగు పేజీలను వెతికి, ఒక్కొక్కరికి విడివిడిగా రాశాం. లంకె ఇవ్వమని ఒక్క ఉత్తరంలోనూ అడగలేదు. మాస్టారు ససేమిరా అన్నారు. "మీరు ఫలానా చోట తవ్వెడు అని రాశారు, అది ఏ ప్రాంతపు తవ్వ?" అని మాత్రం అడిగేవారు. తన కొలత ఎంత వచ్చిందో చెప్పి, పేజీ చిరునామా ఇచ్చేవారు. ఏడాదిలో నలభై ఉత్తరాల దాకా రాసి ఉంటాం. సగానికి జవాబు లేదు. ఒక విశ్వవిద్యాలయ తెలుగు శాఖ వారు తప్పక తమ సైటులో పెడతామని ఎంతో మర్యాదగా రాశారు. ఆ సైటు తెరుచుకున్న రోజున పెట్టే ఉంటారు.

ఏడుగురు లంకె ఇచ్చారు. పాత కథలను టైపు చేసి కింద అర్థాలు రాసే ఒకాయన 'మానెడు గింజలు' అన్న చోట ఇచ్చాడు. తాతలనాటి భూమి కాగితాలు చదివిపెట్టే రిటైరైన రెవెన్యూ ఉద్యోగి 'పందుం నేల' అన్న మాట దగ్గర ఇచ్చారు. పది తూముల గింజ చల్లే నేల పందుం నేల, కాని ఏ తూము అన్నది తేలకపోతే ఎకరాలు తేలవు కనుక ఆయనకు అది నిజంగానే అవసరం. అన్నిటికంటే ఎక్కువమందిని తెచ్చినది న్యూజెర్సీలో ఉన్న ఒకమ్మాయి వంటల పేజీ. వాళ్ళ అమ్మమ్మ చేతిరాతలో ఉన్న ఆవకాయ లెక్క కారం మానిక, ఉప్పు తవ్వ, నూనె సోలల్లో ఉంది. ఆ మాటల మీద ఆమె లంకెలు పెట్టింది. ప్రతి వేసవిలోనూ అక్కడి నుంచి జనం వస్తూనే ఉంటారు.

లంకె పెట్టిన మాట ఏమిటన్నదీ ముఖ్యమే. మనవాళ్ళు లంకె ఇచ్చినా 'ఇక్కడ' అన్న మాట మీద ఇస్తారు. 'వివరాలకు ఇక్కడ నొక్కండి.' అది శోధన యంత్రానికి ఏం చెబుతుంది? ఇంగ్లీషులో 'ఇక్కడ నొక్కండి' అని వెతికితే చాలాకాలం పాటు అడోబీ వారి రీడరు దింపుకునే పేజీ వచ్చేది. ఆ పేజీలో ఆ మాట ఉన్నందుకు కాదు, లోకమంతా ఆ మాట మీదే దానికి లంకె వేసినందుకు. ఒక మాటను పట్టుకుని జనం మూకుమ్మడిగా లంకెలు వేసి, 2003లో అమెరికా అధ్యక్షుడి జీవితచరిత్ర పేజీని 'ఘోర వైఫల్యం' అన్న అర్థం వచ్చే మాటకు మొదటి ఫలితంగా తెప్పించారు కూడా. గూగుల్ దాన్ని సరిదిద్దడానికి 2007 దాకా పట్టింది. మాట మీద లంకెకు అంత బలముంటే, ఆ బలమంతా మనం 'ఇక్కడ'కు ధారపోస్తున్నాం. అమ్మాయి 'మానిక' మీద వేసింది, అది పనిచేసింది.

ఇంతా చేసి నా కోపం లంకెలు అమ్మేవాళ్ళ మీద కాదు. వాళ్ళు తెలుగు జోలికి పెద్దగా రారు. తెలుగులో ఆ సరుకుకు అంత ధర పలకదు. నా కోపం ఆ 'సేకరణ' అన్న మాట మీద. ఎవరో ఏళ్ళ తరబడి కొలిచినది ఎత్తి పెట్టుకుని, అడుగున 'సేకరణ' అని రాస్తే సరిపోయినట్టే మనవాళ్ళ భావన. దొంగతనం చేయలేదని చెప్పుకోవడానికీ, ఎక్కడి నుంచి తెచ్చారో చెప్పకుండా ఉండడానికీ ఒకే మాట! కోలాచలం మల్లినాథసూరి మూలం లేని మాట ఒక్కటీ రాయనని ప్రతిజ్ఞ చేసి మరీ వ్యాఖ్యానాలు రాశాడు. ఆయనది మెతుకుసీమ, మనవాడే. ఆయన వారసులమైన మనం మూలాన్ని తుడిచి, ఆ తుడిచిన మరకకు 'సేకరణ' అని పేరు పెట్టుకున్నాం. ఒకే పాఠం నాలుగు చోట్ల ఉన్నప్పుడు ఏది అసలో తేల్చుకోవడానికి యంత్రం చూసే గుర్తులలో లంకె ఒకటి. 'సేకరణ' అన్న చోట ఒక్క లంకె ఉంటే, ఎత్తుకున్న ప్రతివాడూ మాస్టారికి సాక్షి అయ్యేవాడు.

ఫలితమేమిటని అడుగుతారు. తవ్వ, మానిక, పందుం పేర్లతో వెతికితే మాస్టారి పేజీలు కొన్నాళ్ళకు పైకి వచ్చాయి. కుంచం దగ్గర మాత్రం ఆ ప్రకటనల సైటే చాలాకాలం మొదట నిలిచింది. ఆ తరువాత అది ఉన్నట్టుండి మాయమైంది. చిరునామా గడువు తీరినట్టుంది. కాని దాని ఒంటి అంకె పోలేదు. దాన్ని మరెందరో 'సేకరించి' పెట్టుకున్నారు. 2024 నుంచి మన దేశంలోనూ గూగుల్ ఫలితాలకు పైన యంత్రం కూర్చిన సమాధానాలు కనిపిస్తున్నాయి కదా, ఆ మధ్య కుతూహలం కొద్దీ కుంచానికి ఎన్ని కిలోలని అడిగి చూశాను. ఊరూ పేరూ గింజా లేని అదే అంకె. దాని పక్కన చిన్న గుర్తు మీద నొక్కితే నాలుగు లంకెలు తెరుచుకున్నాయి. మూడు ఆ ఒంటి అంకెవి. నాలుగోది మాస్టారిది, ఒక్కో ఊరికీ ఒక్కో గింజకూ తూకం మారుతుందన్న చివరి వాక్యం అందులోంచి తీసుకున్నదే. ఆయనకు చూపిస్తే కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివి, "నాలుగింట ఒకటి. పాతిక మార్కులు. ఇంకా పాస్ కాలేదు" అన్నారు.

ఆయనకిప్పుడు ఎనభై దాటింది. కిందటి నెల ఫోను చేసి, పాలకొండ వైపు నుంచి ఎవరో పాత కుంచం పంపారనీ, తాను రాసిన దానికీ దీనికీ గిద్దెన్నర తేడా వస్తోందనీ, పట్టికలో ఆ వరస మార్చాలనీ చెప్పారు. "అలాగే ఆ అమెరికా అమ్మాయికి ఒక ముక్క రాయి. వాళ్ళ అమ్మమ్మ సోల ఏ ఊరిదో మనం అడగనే లేదు" అన్నారు.

రాశాను. నిన్న జవాబు వచ్చింది. అమ్మమ్మగారిది బొబ్బిలి దగ్గర పల్లెటూరట. సోల ఇంకా మేనమామ ఇంట్లోనే ఉందట, దేవుడి గదిలో విభూతి పోసి పెట్టారట. ఖాళీ చేయించి, నీళ్ళు పోసి కొలిపిస్తానని రాసింది.